వియ్యపురాలి ఇంట్లో పీచు మేస్త్రి

కొందరు ఎవరింటికైనా వెళితే ముందు కూర్చోవడానికి చోటు చూసుకుంటారు. కొందరు వంటింటి వైపు ఒక చెవి వేసి ఉంచుతారు. పీచు మేస్త్రి మాత్రం చెప్పులు విప్పి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, "కాస్త కాళ్ళు కడుక్కుని వస్తానమ్మా" అంటూ స్నానాల గదిలో దూరతాడు. కాళ్ళు కడుక్కోవడం ఒక వంక. ఆ ఇంట్లో ఒళ్ళు రుద్దుకునే పీచు ఎక్కడ వేలాడుతోంది, ఎంతమందికి ఎన్ని ఉన్నాయి, ఎన్నాళ్ళ నాటిది అనేది చూడకపోతే ఆయనకు తాగిన నీళ్ళు కూడా అరగవు.

ఆయన ఉండే మూడంతస్తుల మేడలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మెట్ల మీద ఆయన దగ్గు వినపడగానే రెండో అంతస్తు టీచరమ్మ తమ పీచును బాల్చీలో పడేసి పైన మగ్గు బోర్లిస్తుందని చెప్పుకుంటారు. దాచినంత మాత్రాన వదులుతాడా? మగ్గు ఎత్తి మరీ చూస్తాడు. "బాల్చీలో పెడితే గాలాడదు కదమ్మా, మూడు రోజుల్లో కుళ్ళుతుంది" అని చెప్పి, తనే పిండి, దులిపి, కిటికీ ఊచకు తగిలించి వస్తాడు. ఒకరింటి స్నానాల గదిలో ఒకరు పెత్తనం చేయడమేమిటని మీకు అనిపించవచ్చు. టీచరమ్మకూ అదే అనిపించేది. కానీ ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు ఆ మేడలో లేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గదికి పక్కనున్న స్నానాల గదిలో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. కత్తి పడబోయే మనిషికి ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ రోజు ఉదయం ఒకసారి మందు సబ్బుతో ఒళ్ళంతా కడిగి పంపడం ఆయన పని. చేరిన కొత్తలో వార్డు మొత్తానికి ఒకటే పీచు ఉండేది. కొన్నాళ్ళు చూశాడు, ఇక ఉండబట్టలేక ఒకరోజు దాన్ని పట్టుకుని పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి, తెల్ల పింగాణీ పళ్ళెంలో పిండి చూపించాడు. ఆ నీళ్ళ రంగు చూసి డాక్టరు తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాడట. మర్నాటి నుంచి మనిషికో స్పాంజి ముక్క, వాడగానే చెత్తబుట్టలోకి. ఆ రోజు నుంచి ఈయన పీచు మేస్త్రి. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితాల మీద మాత్రం మిగిలింది.

కొత్తగా చేరిన నర్సులను కూడా వదిలేవాడు కాదు. "ఒంటి మీద చచ్చిన తోలు, సబ్బు జిడ్డు, తడి. ఈ మూడూ ఉంటే చాలు, పీచులో కంటికి కనపడని పురుగుల ఊరు వెలుస్తుంది. వాడాక నురగ పోయేదాకా కడగాలి. గట్టిగా పిండాలి, దులపాలి. స్నానాల గదిలో కాదు, బయట గాలి తగిలేచోట ఆరేయాలి. వారానికోసారి మరిగే నీళ్ళలో ముంచాలి. వాసన వచ్చిందా, రంగు మారిందా, జాలి పడకుండా పారేయాలి. ఒకరిది ఇంకొకరు ముట్టకూడదు. గాయం ఉన్నచోట దాని జోలికే పోకూడదు." ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, మళ్ళీ వాళ్ళ చేత అప్పజెప్పించుకునేవాడు. ఎదురుగా నవ్వితే ఊరుకోడు కాబట్టి పిల్లలు చాటుకు వెళ్ళి నవ్వుకునేవాళ్ళు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలిచాడు. ఇంట్లో ఏం జరిగిందో చెబితే గానీ ఈ మనిషి తిక్క అర్థం కాదు.

తొమ్మిదేళ్ళ కిందట భార్య పోయింది. ఆమెకు చక్కెర జబ్బు. వంగలేకపోయేది, అందుకని సెలవురోజున ఈయనే ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి మడమలు రుద్దేవాడు. ఒకసారి పగిలిన మడమ పక్కన కాస్త గీరుకుంది. నాలుగు రోజుల్లో కాలు వాచింది, ఆ తరవాత నలభై రోజులు ఆస్పత్రిలో, అదీ ఈయన పనిచేసే ఆస్పత్రిలోనే. "ఇంట్లో ఒళ్ళు రుద్దుకోవడానికి ఏం వాడతారు?" అని కుర్ర డాక్టరు ఒకడు మామూలుగా అడిగాడు. మేస్త్రి ఇంటికి వచ్చి తలుపు వెనక చూశాడు. ఒక చెక్క పిడి పీచు. ఎప్పుడు కొన్నారో గుర్తు లేదు. అడుగున నల్లగా బూజు. ఆస్పత్రిలో రోజుకు ముప్పై ముక్కలు పారేసే మనిషి, సొంత ఇంటి తలుపు వెనక ఒక్కసారి చూడలేదు. దానివల్లే అని ఎవరూ తేల్చలేదు. ఆయన తేల్చుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, ఒక్కగానొక్క కూతురికి కూడా. చక్కెర జబ్బుతో అమ్మ పోయిందనే కూతురికి తెలుసు.

ఇప్పుడు ఆ కూతురికే కాలికి దెబ్బ తగిలింది. స్కూటర్ జారి పడితే మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. లోపల ఇనుప పట్టీ వేసి, మేకులు బిగించి, పైన కుట్లు వేశారు. "కుట్లు మానేదాకా జాగ్రత్త. చీము లోపలికి దిగిందంటే పట్టీ తీసెయ్యాలి, మళ్ళీ మొదటికొస్తుంది. కాలు కురచ కావచ్చు కూడా" అని డాక్టరు కూతురికి చెబుతుంటే పక్కనున్న మేస్త్రికి చెమటలు పట్టాయి. తన ఇంటికి తీసుకుపోదామంటే మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వియ్యపురాలు తమ కింది వాటాలోనే ఉంచుకుని చూసుకుంటోంది. అల్లుడు పనిమీద వారం రోజులు పొరుగూరు వెళ్ళవలసి వచ్చి, "మామయ్యా, అమ్మకి తోడుగా ఉండండి" అని ఫోన్ చేశాడు. ఈయన ఫోన్ పెట్టకముందే సంచి సర్దేశాడు.

వియ్యపురాలు ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ముందుగదిలో మిషను, గోడవారగా కుట్టవలసిన పరదాల గుట్ట, దారం ముక్కలు. మాట తక్కువ, చూపు ఎక్కువ. మేస్త్రి వెళ్ళగానే కుశలం అడిగి కాఫీ ఇచ్చింది. తాగి, మామూలుగానే, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

స్నానాల గది చిన్నదే, కానీ నేల మెరుస్తోంది. రెండు బాల్చీలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కూతుర్ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి స్నానం చేయిస్తున్నారన్నమాట. బాగానే ఉందనుకుంటూ పెద్ద బాల్చీ వెనక తొంగి చూశాడు. అక్కడుంది. ఆకుపచ్చ నైలాన్ పీచు, ఉండలా ముడుచుకుని, తడిగా, జిగటగా. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుళ్ళు కంపు.

గది నాలుగు మూలలా వెతికాడు. ఇంకో పీచు లేదు. ముగ్గురు మనుషుల ఇంట్లో ఒకటే పీచు, అదీ ఈ స్థితిలో, దానితోనే తన కూతురికి ఒళ్ళు రుద్దుతున్నారు.

టీచరమ్మ ఇల్లయితే ఈపాటికి పాఠం సగం అయ్యుండేది. ఇది పిల్లనిచ్చిన ఇల్లు. పగలూ రాత్రీ కోడలికి సేవ చేస్తున్న మనిషితో, నీ స్నానాల గదిలో పీచు కంపు కొడుతోందని వియ్యంకుడు ఎలా అంటాడు? అంటే ఆమె ఊరుకుంటుందా? ఊరుకున్నా, రేపు కూతురికి మాట పడదా? నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది మేస్త్రికి. పీచును కడిగి, పిండి, దులిపి, కిటికీ ఊచకు తగిలించాడు. భుజం మీది తువ్వాలుకు చేతులు తుడుచుకుని కూతురి మంచం దగ్గరికి గబగబా వచ్చాడు.

"కాలేమన్నా సలుపుతోందా?"

"లేదు నాన్నా. బానే ఉంది."

"ఓసారి చూడనీ."

"వద్దు నాన్నా, నర్సు విప్పొద్దంది."

"విప్పడమెందుకు? అంచు ఎత్తి చూస్తానంతే. ముప్పై ఏళ్ళు చేసిన పనేగా." కట్టు కిందివైపు చర్మానికి అంటించిన ప్లాస్టర్ అంచు గోటితో మెల్లగా ఎత్తి, కుట్ల చివర చూసి, వేలితో చుట్టూ ఒత్తి, మళ్ళీ అంటించాడు. ఎరుపు లేదు. ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి గంటసేపు కూడా నిలవలేదు.

సాయంత్రం చూస్తే పీచు మళ్ళీ బాల్చీ వెనకే ఉంది. మళ్ళీ పిండాడు, మళ్ళీ తగిలించాడు, వచ్చి మళ్ళీ అంచు ఎత్తి చూశాడు. మర్నాడు పొద్దున్నే బజారుకు వెళ్ళి మూడు కొత్త పీచులు కొన్నాడు. నీలం, పసుపు, గులాబీ. ఎవరి రంగు వాళ్ళు తెలుసుకుంటారని ఆశ. ఏమీ అనకుండా కుళాయి పైన వరసగా తగిలించి బయటకొచ్చాడు. వియ్యపురాలు చూసి, "ఎందుకండీ అన్నయ్యగారూ మీకు శ్రమ" అంది. అంతే. మధ్యాహ్నానికి పసుపు, గులాబీ అలమరలోకి వెళ్ళాయి. నీలంది ఆకుపచ్చదాని పక్కనే బాల్చీ వెనక తడిసి పడి ఉంది.

ఇక మేస్త్రి కాలు గాలిన పిల్లే. ముందుగది నుంచి స్నానాల గదికి, అక్కడి నుంచి కూతురి మంచానికి, మంచం నుంచి వాకిట్లోకి. పేపరు తెరిస్తే అక్షరాలు కనపడవు. మిషను చప్పుడు ఆగితే చాలు, ఆమె స్నానాల గదికి వెళుతోందేమోనని మెడ సాచి చూడటం. ఆమె వెళ్ళిరాగానే ఈయన వెళ్ళడం, బాల్చీ జరపడం, పీచు పిండటం, తువ్వాలుకు చేతులు తుడుచుకోవడం, కూతురి కాలు చూడటం. ఆ రోజు నాలుగుసార్లు చూశాడు, మర్నాడు ఐదుసార్లు. కూతురు నిద్రపోతున్నప్పుడు కూడా దుప్పటి తప్పించి చూశాడు.

"నాన్నా, నువ్విలా తిరుగుతుంటే నాకే కాలు నొప్పెడుతోంది. కాసేపు కూర్చో" అంది కూతురు.

"కూర్చునే ఉన్నానుగా" అన్నాడు నిలబడే.

"అన్నయ్యగారికి ఇక్కడ తోస్తున్నట్టు లేదు. ఈ పరదాలకి రింగులు ఎక్కిస్తారేమో అడుగు" అంది వియ్యపురాలు కోడలితో, మిషను మీద నుంచి తల ఎత్తకుండా. రింగులు ఎక్కించాడు పాపం. ఇరవై పరదాల్లో ఏడు తిరగేసి ఎక్కించాడు. ఆమె విప్పి మళ్ళీ ఎక్కించుకుంది.

నాలుగో రోజు సాయంత్రం అంచు ఎత్తి చూసేసరికి కుట్ల కింద చర్మం ఎర్రగా ఉంది. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. మేస్త్రి కళ్ళ ముందు ఇంకో కాలు మెదిలింది. ఆ వాపు, ఆ వాసన, ఆ నలభై రోజులు. కూతుర్ని భయపెట్టడం ఎందుకని, తెల్లారాక ఆస్పత్రికి తీసుకెళదామనుకున్నాడు. మాత్ర ఇచ్చి పడుకోమన్నాడు. తాను పడుకోలేదు.

తెల్లారింది. ఇంకా ఎవరూ లేవలేదు. మేస్త్రి బాల్చీ వెనక నుంచి ఆకుపచ్చ పీచు లాగి వంటింట్లోకి నడిచాడు. పారేస్తే మళ్ళీ ఇంకోటి వస్తుంది, మొహం మీద చెప్పలేం, కనీసం మరిగే నీళ్ళలో వేసి ఆ పురుగునైనా చంపుదాం అనుకున్నాడు. ఆస్పత్రిలో చేతికందిన గిన్నెలో నీళ్ళు మరిగించడమే అలవాటు. ఇక్కడా చేతికందింది తీశాడు. నీళ్ళు పోశాడు, పొయ్యి వెలిగించాడు, పీచు వేశాడు. నీళ్ళు కుతకుతలాడాయి. పీచు పైకి తేలి ఒకసారి బోర్లా తిరిగింది.

"అది పాలగిన్నె అన్నయ్యగారూ."

వెనక వియ్యపురాలు, చేతిలో పాల ప్యాకెట్. మేస్త్రి పీచును గరిటెతో లోపలికి నొక్కబోయి, ఆ గరిటె కూడా ఆమెదేనని గుర్తొచ్చి, గాల్లోనే ఆపాడు. ఇక దాచేదేముంది? నాలుగు రోజులు మింగిందంతా కక్కేశాడు.

"తప్పే చెల్లెమ్మా. గిన్నె కొత్తది కొనిస్తాను. కానీ ఈ పీచుతో అమ్మాయికి స్నానం చేయించకండి. దండం పెడతాను. ముగ్గురికీ ఒకటే పీచు, అదీ కుళ్ళిపోయి. నిన్న కుట్ల దగ్గర ఎర్రబడింది. దాని కాలు పోతే నేను బతకలేను."

ఆమె పొయ్యి ఆర్పింది. "అది నేను నేల తోముకునే పీచు" అంది.

మేస్త్రి గరిటె కింద పెట్టాడు.

"మీరు తెచ్చిన నీలంది కూడా నేలకే అనుకున్నాను. పాపం, గది తోమడానికి తెచ్చారు కాబోలు, మొహం మీద చెప్పలేక తగిలించి వెళ్ళారు అనుకున్నా. మా ఇంట్లో ఒంటికి పీచులు వాడం. ఇటు రండి."

మిషను కింద సొరుగు లాగింది. పాత దుప్పటి చింపి, అంచులు మడిచి కుట్టిన గుడ్డముక్కలు, ఇస్త్రీ చేసి, వరసగా పేర్చి ఉన్నాయి. రోజుకొకటి. వాడింది ఆ రోజే ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, వేడి ఇస్త్రీ చేసి పెడుతుంది. కట్టు మీద ప్లాస్టిక్ సంచి తొడిగి, మూతి బిగించాకే స్నానం. ముప్పై ఒక్క ఏళ్ళలో మేస్త్రి అంత శుభ్రమైన సొరుగు చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గులోనే ఇంకో సందేహం పుట్టింది. మరి కాలు ఎర్రబడింది దేనివల్ల?

లోపలి నుంచి కూతురు మూలుగు వినిపించింది. ఒళ్ళు కాలిపోతోంది.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కట్లు కట్టే గదిలో ఉన్న నర్సు ఒకప్పుడు ఈయన దగ్గర పాఠం అప్పజెప్పిన పిల్లే, ఇప్పుడు నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు. "మేస్త్రిగారూ, మీ అమ్మాయా?" అని నవ్వుతూ కత్తెర తీసుకుని కట్టు విప్పింది. విప్పుతూ విప్పుతూ నవ్వు ఆపేసింది.

"ఈ ప్లాస్టర్ అంచు ఎవరు ఎత్తారు? పదిసార్లు ఊడదీసి అంటించినట్టుంది. జిగురంతా మురికి." అంచు ఎత్తినచోటే కుట్ల చివర చిన్న చీము పొక్కులు. మిగతా కాలంతా శుభ్రంగా ఉంది.

నర్సు వియ్యపురాలి వైపు తిరిగింది. "స్నానం చేయించేది మీరేనా?"

"నేనే."

"మీరు ఎత్తారా?"

ఆమె నర్సు వైపు చూడలేదు. మేస్త్రి వైపు చూడనూ లేదు. చీర చెంగు సర్దుకుంటూ నేల వైపు చూస్తూ నిలబడింది. మంచం మీది నుంచి కూతురే అంది. "దురద పెడుతుంటే నేనే ఎత్తానండీ."

"చదువుకున్నావు, ఆ మాత్రం తెలీదా? కాలు పోగొట్టుకుందామనుకున్నావా?" అంటూ నర్సు కోప్పడింది. కూతురు తల వంచుకుని మాటలు పడింది. ఎవరి పరువు కోసం పడుతోందో ఆ గదిలో నర్సుకు తప్ప అందరికీ తెలుసు.

మేస్త్రి ఒక్క నిమిషం ఊరుకుంటే గండం గడిచేది. పీచు మేస్త్రి పేరు ఆ ఆస్పత్రిలో అలాగే నిలిచేది. తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ పీచును పిండిన చేతులు, తువ్వాలుకు తుడుచుకున్న చేతులు. నాలుగు రోజుల్లో ఒక్కసారైనా సబ్బు పెట్టి కడిగాడా? ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"అది కాదమ్మా, నేను" అన్నాడు. "నేల తోమే పీచును పట్టుకుని, అదే చేత్తో వచ్చి అంచు ఎత్తాను. రోజుకి నాలుగైదుసార్లు. మా చెల్లెమ్మ కడిగి పెట్టినదాన్ని నేనే పాడు చేశాను." అక్కడితో ఆగలేకపోయాడు. "వీళ్ళమ్మకీ ఇంతే. ఇంట్లో బూజు పట్టిన పీచుతో దాని మడమ నేనే రుద్దాను. తొమ్మిదేళ్ళు దాచాను. ఇప్పుడు దీనికీ నేనే."

కూతురు తల ఎత్తి తండ్రి వైపు చూసింది. నర్సు గొంతు సవరించుకుంది.

"పైపైనే ఉంది మేస్త్రిగారూ. లోపలికి దిగలేదు. శుభ్రం చేసి సూది మందు వేస్తే నాలుగు రోజుల్లో తగ్గుతుంది. మీరు చేతులు కడుక్కుని రండి, మడమ ఎత్తి పట్టుకోవాలి. మంట పుడుతుంది, మీరుంటే అమ్మాయికి ధైర్యం."

మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళాడు. సబ్బు రాసి, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్ల దాకా రుద్ది కడిగాడు. నీళ్ళు కారుతున్న చేతులు పైకెత్తి ఒక అడుగు వేశాడు. గోళ్ళ కింద ఆకుపచ్చగా ఏదో ఉన్నట్టనిపించింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ కడిగాడు. ఈసారి కుళాయి పిడిని ముట్టుకున్నాను కదా అనిపించింది. పిడి కడిగి, చేతులు కడిగాడు. మళ్ళీ సబ్బు తీసుకున్నాడు.

చేతులు శుభ్రమయ్యాయని తృప్తి కలిగి వెనక్కి తిరిగేసరికి కొత్త కట్టు కట్టడం అయిపోయింది. కూతురి మడమ వియ్యపురాలి రెండు అరచేతుల్లో ఉంది. కూతురి చెంపలు తడిగా ఉన్నాయి.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది నాన్నా. రెండుసార్లు పిలిచాను, నువ్వు రాలేదు."